ఈ పొద్దు సోమారం

ఎద్దుల విషయంలో ఓబుళేసు అంతటి నిష్ఠాపరుడు గుత్తిలోనే లేడు. సోమవారం బసవన్న దినం. ఆ రోజు మిన్ను విరిగి మీద పడినా సరే, ఆయన ఎద్దుల మెడ మీద కాడి పడదు. ఆ సీమలో చాలామందికి ఆ పట్టింపు ఉంది గాని, అదునులో వాన పడితే బసవన్నకు ఓ దండం పెట్టుకొని గుంటక కట్టేవాళ్ళూ లేకపోలేదు. ఓబుళేసు అట్లా కాదు. పెళ్ళాం రామక్కకు పురిటి నొప్పులు వచ్చింది సోమవారమే. ఆయన ఊరంతా తిరిగి ఎవరిదో జట్కా బతిమాలి తెచ్చాడే తప్ప, కొట్టంలో నిక్షేపంగా నెమరేస్తున్న తన ఎద్దులను బండికి కట్టలేదు. రామక్క ఆ సంగతి మరచిపోలేదు. ఆయన్ను మరవనిచ్చిందీ లేదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు వారాలూ వర్జ్యాలూ లేవు. పగలు జయరాముడు సెట్టి శెనగనూనె మిల్లులో మేస్త్రీ. పొద్దు వాలితే అదే మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు గురువు. యుద్ధం నాళ్ళలో బెంగుళూరు మిలిటరీ క్యాంపులో మూటలు మోస్తూ, తెల్ల సార్జెంటు ఒకాయన సిపాయిలకు ఆట నేర్పుతుంటే గోడ అవతలి నుంచి చూసి పట్టుకొచ్చిన విద్య అది. సార్జెంటు పద్ధతి ఒకటే. పరుగెత్తించు, పడితే లేపు, మళ్ళీ పరుగెత్తించు. ఆ సిపాయిలు కడుపునిండా మాంసం తిని పరుగెత్తేవాళ్ళనీ, ఆదివారం పూట కాళ్ళు బారజాపి పడుకునేవాళ్ళనీ గోడ అవతలి నుంచి కనపడలేదో, కనపడినా గుర్తు పెట్టుకోలేదో, ఓబుళేసు గుత్తికి తెచ్చుకున్నది పరుగు ఒక్కదాన్నే.

తెల్లవారకముందే కోట కొండ ఎక్కి దిగాలి. పగలంతా శెనక్కాయల మూటలు మోయాలి. సాయంత్రం కొండ కింద రాతినేల మీద, కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని ఆడాలి. నడుమ నీళ్ళడిగితే తిట్లు. "నీళ్ళు తాగితే కడుపు బరువెక్కుతాది, కాళ్ళు లెయ్యవు" అనేవాడు. ఆ ఏడు వానలు ఎగ్గొట్టి బావులన్నీ అడుగంటాయి గనక, నీళ్ళు వద్దనే గురువుతో ఎవరూ వాదన పెట్టుకోలేదు.

ఆ కరువే తిప్పయ్యను గుత్తికి తోలింది. గుమ్మఘట్ట దిక్కు పిల్లవాడు. మీసం అప్పుడప్పుడే నల్లబడుతోంది. మాటలో సగం కన్నడం. కూలికొచ్చిన రోజే, మిల్లు ముంగిట లారీ హారన్‌కు బెదిరి ఎవరిదో ఎద్దు తాడు తెంపుకొని పరుగు లంకించుకుంటే, తిప్పయ్య దాని వెంట పడి, ఊరు దాటకముందే పలుపు పట్టి తెచ్చాడు. వాడి ఎగరొప్పు చూద్దామని ఓబుళేసు దగ్గరికి వెళ్ళాడు. ఎగరొప్పే లేదు. "ఏమప్పా, బాలు ఎప్పుడన్నా తన్నినావా?" అని అడిగాడు. "లేదన్నా. తన్నితే ఏమిస్తారు?" అన్నాడు వాడు.

ఏడాది తిరిగేసరికి సీమ మొత్తం మీద అట్లాంటి సెంటర్ హాఫ్ లేడని పేరొచ్చింది. మైదానం నడుమ నిలబడి, ఎదుటివాళ్ళు వస్తే వెనక్కి ఉరికి అడ్డం పడాలి, బంతి దొరికితే ముందుకు ఉరికి అందివ్వాలి. తక్కినవాళ్ళు ఆడేది ఒక ఎత్తు, వాడు ఉరికేది ఒక ఎత్తు. వాడు ఉరుకుతాడు గదా అని తక్కినవాళ్ళు ఉరకడం కొంచెం కొంచెంగా మానేశారు. ఓబుళేసు కూడా, వాడికి అలుపు లేదు గదా అని, తక్కినవాళ్ళు కోట ఒకసారి ఎక్కితే వాడిని రెండోసారి ఎక్కించేవాడు. మిల్లులో బరువు మూటలు వాడికే కేటాయించేవాడు, తొడలు గట్టిపడతాయని. అదంతా వాడి మీద ప్రేమే. ఆ మాట ఓబుళేసు మనస్ఫూర్తిగా నమ్మాడు.

నమ్మడానికి కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే హైదరాబాదు. అక్కడి పెద్ద జట్టు తరఫున ఒక పెద్దమనిషి అనంతపురంలో జరిగే కప్పు ఫైనలు చూడటానికి వస్తాడని కబురు తెలిసింది. ఆయన కంట పడితే తిప్పయ్యకు హైదరాబాదులో కొలువు, పూటపూటా అన్నం. వాళ్ళమ్మ సుంకమ్మకు రాళ్ళు మోసే పని తప్పుతుంది. ఓబుళేసు నాటిన మొలక హైదరాబాదులో కాయ కాస్తుంది. ఇంక ఫైనలుకు చేరడమే తరువాయి. కోట మెట్ల మీద తిప్పయ్య పరుగులు ఇంకా పెరిగాయి.

ఒక బేస్తవారం తెల్లవారుజామున, కోట అడుగున అందరూ నడుములు బిగిస్తుంటే తిప్పయ్య మెల్లిగా అన్నాడు. "అన్నా, ఈ పొద్దు సోమారమన్నా."

"బేస్తారం గదరా నాయనా" అన్నాడు ఓబుళేసు.

గోలు కాసే చిన్నప్ప పకపకా నవ్వాడు. "వాళ్ళ గుమ్మగట్టలో వారాలు ఎనక్కి నడుస్తాయేమోలే అన్నా!"

అందరూ నవ్వారు. తిప్పయ్య కూడా ఇంత నవ్వి, వంగి కాలి గుడ్డ బిగించుకొని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆనాటి నుంచి వాడికి సోమారం తిప్పడని పేరు పడిపోయింది. ఎవడైనా పనిలో కాస్త బద్ధకిస్తే "ఏమప్పా, నీకూ సోమారమా?" అని మిల్లంతా వేళాకోళం. వాడు మాత్రం మరో రెండు మూడు సార్లు అదే మాట అన్నాడు. మంగళవారం అన్నాడు, శనివారం అన్నాడు. చదువురాని పిల్లోడు, వారాలు తెలియవు కాబోలు అనుకున్నాడు ఓబుళేసు.

ఫైనలుకు ఇంకా మూడు వారాలుందనగా, ఒక శుక్రవారం ఓబుళేసు దూరపు బావి నుంచి నీళ్ళ పీపా తేవడానికి బండి కడుతున్నాడు. తిప్పయ్య సంగటి తినడానికి ఆ ఇంటికే వస్తుండేవాడు. తిని చెయ్యి కడుక్కొని వచ్చి, కాడి కింద కుడివైపు నిలబడిన వలపటి ఎద్దును చూశాడు. ముందుకాలి మీద పైనుంచి కిందికి చెయ్యి జార్చాడు. ఒకచోట వేలు ఆపాడు.

"అన్నా, దీనికి ఈ పొద్దు సోమారం."

"శుక్రారం గదరా!"

"మా దిక్కు అట్లనే అంటామన్నా. నోరు లేంది గదా, అలిసినా అని అదెట్ల జెప్తాది? మనమే జూసి, దీనికి ఈ పొద్దు సోమారం అని కాడి దింపుతాము. యే వారమైనా సరే. చూడు, ఈడ ఎంత కాగుతాండాదో."

ఓబుళేసు చెయ్యి పెట్టి చూశాడు. నిజమే, కాలు వేడిగా ఉంది. ఇంకో మాట లేకుండా కాడి దించేశాడు. ఎద్దును కొట్టంలోకి తోలి, చొప్ప వేసి, వావిలాకు కాచి కాపడం పెట్టమని పెళ్ళానికి కేకేశాడు. అప్పుడు, చేతిలో పలుపుతో కొట్టం వాకిట నిలబడ్డప్పుడు, ఆయనకు తట్టింది. బేస్తవారం, మంగళవారం, శనివారం. కోట అడుగున వాడన్న మాటలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

తిరిగి చూశాడు. తిప్పయ్య అరుగు మీద కూర్చొని, ఎవరూ చూడటం లేదనుకొని, మోకాలి కింద ముందరి ఎముకను బొటనవేలితో అదుముకుంటున్నాడు. అక్కడ చిన్న బుడిపె లేచి ఉంది. లేచి నడిచినప్పుడు నాలుగడుగుల దాకా కుంటి, తర్వాత సర్దుకున్నాడు. కొత్త ఊళ్ళో, కొత్త పనిలో, చేతగాదు అనే మాట నోట రాక, తనకు తెలిసిన ఒకే ఒక్క మర్యాదైన మాటను వాడు ఇన్నాళ్ళూ ఓబుళేసు ముందర పెడుతూ వచ్చాడు.

కాపడం గిన్నె తెచ్చిన రామక్క కూడా చూసింది. "ఆ పిల్లోడు గూడా కుంటుతాండాడు గదయ్యా" అంది.

"పొద్దున లేస్తానే అట్లుంటాది. పరుగెత్తితే పోతాది" అన్నాడు ఓబుళేసు.

మరునాడు తెల్లవారుజామున కోట అడుగున తిప్పయ్య ఆయన ముఖంలోకి చూశాడు. నిన్న చెప్పాను గదా, ఇప్పుడు అర్థమవుతుంది గదా అన్నట్టుంది ఆ చూపు. "అన్నా, సోమారం" అన్నాడు.

ఓబుళేసు లోపల లెక్క వేసుకున్నాడు. వాణ్ణి ఇంట్లో పడుకోబెడితే సెమీఫైనలు పోతుంది. సెమీఫైనలు పోతే హైదరాబాదు మనిషికి చూపించడానికి ఏముంటుంది? వాడి మంచికే గదా. చుట్టూ తక్కినవాళ్ళు చూస్తున్నారు.

"సోమారం ఎద్దులకప్పా" అన్నాడు నవ్వుతూ. "మనుషులకు గాదు."

జట్టంతా గొల్లుమంది. తిప్పయ్య కూడా నవ్వాడు. మాట బాగా పడిందని ఓబుళేసు కూడా అప్పటికి అనుకున్నాడు. ఆ రోజు నుంచి తిప్పయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఓబుళేసు వాడి కాలికి గుడ్డ తానే బిగించి కట్టేవాడు. సంగటిలో నెయ్యి ఎక్కువ వేయమని పెళ్ళానికి చెప్పేవాడు. పరుగు మాత్రం తగ్గించలేదు. తప్పు చేస్తున్నవాడికి ఉపచారాలు బాగా గుర్తొస్తాయి.

ఫైనలు ధర్మవరం జట్టుతో. పట్టుమగ్గాల మీద కూర్చునే కుర్రవాళ్ళు, చేతులు సన్నగా ఉన్నా కాళ్ళు చురుకు. ఆట రోజు సోమవారం పడింది. అనంతపురంలో బస్సు దిగుతుండగా తిప్పయ్యే చిన్నప్పతో అన్నాడు, "ఈ పొద్దు నిజంగానే సోమారంరా అప్పా" అని. చిన్నప్ప నవ్వాడు. ముందర దిగిన ఓబుళేసు వినపడనట్టు నడిచాడు.

మొదటి సగంలో తిప్పయ్య ఆడిన ఆటకు ధర్మవరం వాళ్ళే చప్పట్లు కొట్టారు. గోలు మాత్రం ఎవరికీ పడలేదు. విరామంలో హైదరాబాదు పెద్దమనిషి గొడుగు వేసుకొని ఓబుళేసు దగ్గరికి నడిచొచ్చాడు. "మీ సెంటర్ హాఫ్ నాకు కావాలి. నేను చూడాల్సింది చూసేశాను. వచ్చే నెల పంపించండి. ఆ కాలు కాస్త ఈడుస్తున్నాడు, జాగ్రత్త" అన్నాడు.

అంతే. ఇన్నాళ్ళు దేనికోసమని ఓబుళేసు తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడో అది చేతికి వచ్చేసింది. ఇప్పుడు వాడి దగ్గరికి వెళ్ళి, "తిప్పా, నీ పని అయిపోయింది, ఆ గీత పక్కన ఊరికే నిలబడు" అంటే చాలు. ఆ రోజుల్లో ఆటగాడి బదులు ఇంకొకణ్ణి దింపే పద్ధతి లేదు. దెబ్బ తగిలినవాణ్ణి ఒక ఓరకు నిలబెట్టడం మామూలే. ఓబుళేసు వాడి దగ్గరికి వెళ్ళాడు కూడా. వాడు కూర్చొని కాలి గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. తల ఎత్తి ఆయన్ను చూశాడు. ఓబుళేసు కళ్ళు పక్కకు మళ్ళాయి. అవతల గుడారం కింద బల్ల మీద కప్పు తళతళలాడుతోంది. జయరాముడు సెట్టి జరీ కండువా వేసుకొని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇంకొంచెం ఓర్చుకోప్పా" అన్నాడు ఓబుళేసు. హైదరాబాదు మనిషి చెప్పిన మాట వాడికి చెప్పనేలేదు. చెబితే కాళ్ళలో ఊపు తగ్గుతుందేమోనని.

ఆట ముగియవస్తుండగా తిప్పయ్య బంతితో ధర్మవరం గోలు ముందరికి దూసుకెళ్ళాడు. వాళ్ళ వెనక ఆటగాడు కుళ్ళాయప్ప అడ్డం రాబోయాడు. ఇంకా ఇద్దరి నడుమ బారెడు దూరం ఉంది. అప్పుడు ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. తిప్పయ్య కాలు మోకాలి కింద పక్కకు తిరిగింది. వాడు కూలబడ్డాడు. కుళ్ళాయప్ప వాడి మీద పడకుండా ఆగబోయి తానూ పక్కన పడ్డాడు.

దుమ్ము లేచింది. రెఫరీ మైదానం నడుమ నుంచి పరుగెత్తుకొచ్చి ఈలవేశాడు. పక్కపక్కన పడిన ఇద్దరు మనుషులే ఆయనకు కనపడ్డారు. పెనాల్టీ అన్నాడు. జనం కుళ్ళాయప్ప మీదికి దూకారు. ఎవరో చొక్కా చింపారు, ఎవరో చెంప మీద కొట్టారు. వాడు విదిలించుకొని గీత పక్కన నిలబడ్డ ఓబుళేసు దగ్గరికి ఉరికి వచ్చాడు. ముక్కు నుంచి నెత్తురు కారుతోంది.

"అన్నా, నువ్వు ఈడనే నిలబడుండావు. మా యమ్మ మీదొట్టు, నేను వాన్ని తాకలేదు. చెప్పన్నా, నువ్వు జూసినావు గదా!"

ఓబుళేసు చూశాడు. అంత దగ్గర నుంచి చూసినవాడు ఆ మైదానంలో ఇంకొకడు లేడు.

"దుమ్ములో నాకు కనపళ్ళేదప్పా" అన్నాడు.

చిన్నప్ప గోలు వదిలి వచ్చి పెనాల్టీ కొట్టాడు. కప్పు గుత్తికొచ్చింది. కుళ్ళాయప్ప ఆ ఏడంతా ఎక్కడా ఆడకూడదని టోర్నమెంటు పెద్దలు తీర్మానించారు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫొటో వెలుతురుకు ఎత్తి పట్టి చూపించాడు. "ఇది ఒక్క దెబ్బకు విరిగిన ఎముక కాదయ్యా. చాలా రోజుల క్రితమే సన్నగా బీట వేసింది. దాని మీదే వీడు పరుగెత్తుతూ వచ్చాడు."

"నెర్రె ఇచ్చిండిందా సామీ?" అన్నాడు ఓబుళేసు.

"అవును, మీ చేలు నెర్రెలిచ్చినట్టే. అప్పుడే ఓ నెల కాలు కింద పెట్టకుండా కూర్చోబెట్టి ఉంటే దానంతటదే పూడిపోయేది. ఇప్పుడు నడవగలడు. పరుగు మాత్రం ఇంక మరచిపోవాలి."

ఆ మాట విన్నది ఓబుళేసు ఒక్కడే. ఆయన ఎవరికీ చెప్పలేదు.

గుత్తిలో కప్పును మేళతాళాలతో ఊరేగించారు. పిండికట్టు వేసిన తిప్పయ్యను ఓబుళేసు తన ఇంటికే తెచ్చుకొని, వసారాలో మంచం వేసి పడుకోబెట్టాడు. కబురందుకొని సుంకమ్మ గుమ్మఘట్ట నుంచి వచ్చింది. రాళ్ళు మోసి మోసి అరచేతులు కాయలు కాచిన మనిషి. కొడుకు కాలు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత వాకిట్లోకి పోయి, దోసెడు మన్నెత్తి ధర్మవరం దిక్కుకు విసిరింది.

"కుళ్ళాయప్పా! నీ కాళ్ళిరగా! నా కొడుకు మాదిరే నువ్వూ మంచాన పడా! నిన్ను కన్నది నా మాదిరే ఏడ్వా!"

రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి ఒకసారి, దీపం పెట్టే వేళకు ఒకసారి, ఆమె ఆ మన్నెత్తి పోయడం మానలేదు. ఆ ఇంట్లో ఉంటూ ఆ తిట్లు వినకుండా ఉండటం ఓబుళేసుకు సాధ్యం కాలేదు. ప్రతి తిట్టూ చుట్టూ తిరిగి తన వీపు మీదే పడుతున్నట్టుండేది. తిట్టి లోపలికొచ్చి ఆమె ఓబుళేసు కాళ్ళకు దండం పెట్టేది. "నువ్వు నాకు కొడుకసుమంటోనివి సామీ. నీ రుణం ఎట్ల దీర్చుకుందు?" అనేది. ఓబుళేసు కాళ్ళు వెనక్కి లాక్కునేవాడు. ఆయన వినయానికి ఆమె ఇంకా కరిగిపోయేది.

రామక్క మాత్రం మొగుడి ముఖం చూస్తూ ఉండేది. ఒకనాడు కొట్టంలో అడిగింది. "ఆ ధర్మారం పిల్లోడు నిజంగా తన్నినాడా?"

ఓబుళేసు ఎద్దు గంగడోలు నిమిరాడు. ఆ పొద్దు కాడి దించిన వలపటి ఎద్దు. కాలు పూర్తిగా బాగైంది.

"నువ్వు నోరు తెరువల్ల" అంది రామక్క. "ఆ యమ్మ తిట్లు ఊరికే పోవు." అని వెళ్ళిపోయింది.

నోరు తెరవాలనే అనుకునేవాడు. తెరిస్తే కప్పు పోతుంది, సెట్టి మొహం చూడడు, మేస్త్రీ పని ఉంటుందో ఊడుతుందో. అవన్నీ పోతే పోనీ అనుకునేదాకా కూడా వచ్చాడు. కాని సుంకమ్మ కాళ్ళకు దండం పెట్టినప్పుడల్లా నాలుక మడత పడేది. ఆమె చూపులో తాను దిగిపోవడం ఒక్కటే ఆయన తట్టుకోలేకపోయాడు. సిగ్గులేని మనసు ఎక్కడ పట్టుకొని వేలాడుతుందో చూడండి.

పిండికట్టు విప్పారు. తిప్పయ్య కర్ర పట్టుకొని వసారాలో నడుస్తున్నాడు. ఇంటికి పోతామంది సుంకమ్మ. ఆమె రాళ్ళు మోసే చోట మేస్త్రీ ఆగడట, సోమవారమే బయలుదేరాలి. స్టేషను ఊరికి దూరం. ఆ పొద్దు జట్కాలన్నీ ఎవరిదో పెళ్ళికి పోయాయి. ఓబుళేసు కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత కొట్టంలోకి వెళ్ళి ఎద్దులను విప్పుకొచ్చి బండి ముందర నిలబెట్టాడు.

రామక్క వంటింటి గడపలో కొయ్యబారిపోయింది. తన పురిటికి కట్టని ఎద్దులు!

సుంకమ్మ మూట కింద పెట్టింది. "సోమారం గద సామీ! ఈ పొద్దు కాడి పెడితే పాపం గదా!"

"తిప్పని కోసం గదమ్మా. బసవన్నకు నేను జెప్పుకుంటాలే" అన్నాడు ఓబుళేసు. కాడి ఎత్తి వలపటి ఎద్దు మెడ మీద పెట్టబోయాడు. ఇట్లా ఒక్క పాపం నెత్తినేసుకుంటే ఆ పెద్ద పాపం కొంచెమైనా తగ్గుతుందని ఆయన లోపల్లోపల ఆశ.

మంచం మీద నుంచి తిప్పయ్య అన్నాడు. "వద్దన్నా. రేపు పోదాం. సోమారం ఎద్దులకని నువ్వే జెప్తివి గదా."

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. వాడు నిజంగానే ఎద్దుల కోసం అడిగాడు. ఓబుళేసు చేతిలో కాడి ఆగిపోయింది. దాన్ని కింద పెట్టడం కూడా చేతగాక కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత నేల మీదికి దించి, సుంకమ్మ ముందర చతికిలబడ్డాడు.

"అమ్మా, కుళ్ళాయప్ప నీ కొడుకును తాకలేదు. నేను కండ్లారా జూసినా. వాని కాలిరిచింది నేను. ముందే నెర్రె ఇచ్చిండింది. అలిసినా అని వాడు నాకు జెప్పినాడు. నాకు అర్తమైనాక గూడా కొండెక్కించినా."

సుంకమ్మ ఎవరి మాటలో విన్నట్టు చూసింది.

"నా కొడుకు సోమారం అన్న్యాడా నీతో?"

"అన్న్యాడమ్మా."

"మా దిక్కు గొడ్డు అనకముందే దింపుతామే" అంది. కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలీదేమిరా, వాడు తన్నలేదని?"

"తెలుసు" అన్నాడు తిప్పయ్య నేల చూస్తూ.

"మల్ల ఇన్నాళ్ళూ నేను తిడతాంటే ఎందుకు జెప్పలేదు?"

"అన్న కనపళ్ళేదన్న్యాడు గదమ్మా. నేను జెప్తే అన్న అబద్దమాడినట్టయితాది."

ఓబుళేసు తల మోకాళ్ళలోకి దిగిపోయింది. పెద్దగా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. రామక్క కదల్లేదు. ఏడుపు దానంతటదే ఆగేదాకా సుంకమ్మ అక్కడే నిలబడి చూసింది.

"నీ ఏడుపు తర్వాత ఏడుద్దువు లే" అంది. సామీ అనలేదు. "ధర్మారం రైలు ఎన్ని గంటలకు?"

"మధ్యాన్నం ఉండాది."

"లెయ్. నన్ను ఆ పిల్లోని ఇంటికి తీసకపో. తప్పు లేనోని కాళ్ళిరగా అని రెండు పూట్ల మన్నెత్తి పోసినా. వాళ్ళమ్మ ముందర ఆ మాట నేను ఎనక్కి తీసుకోవల్ల. నీ మాట నువ్వు జెప్పుకోవల్ల. ఆన్నుంచి టోర్నమెంటు పెద్దలు యాడుంటే ఆడికి."

ఓబుళేసు లేచి కళ్ళు తుడుచుకున్నాడు. ఎద్దులను కొట్టంలో కట్టేసి, చొప్ప వేశాడు. తిప్పయ్యను రామక్కకు అప్పజెప్పి, చెప్పులు తొడుక్కొని ముందర నడిచాడు. ఎండలో స్టేషను దారి పొడుగ్గా కనిపిస్తోంది. సగం దూరం పోయేసరికి కాళ్ళు తేలిపోయాయి. గొంతు తడారిపోయింది. ఒక్క నిమిషం ఆగుదామమ్మా అనాలని నోటిదాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూశాడు. సుంకమ్మ ఆగేటట్టు లేదు. ఆయన ఏమీ అడగకుండా నడిచాడు.